కొత్తింట్లో స్పీకర్లకి వైర్లు లాగించాలా, వైర్‌లెస్‌తో సరిపెట్టుకోవచ్చా? ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపు చెప్పండి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం అండి. రాజమండ్రిలో ఇల్లు కడుతున్నాం, కింద పోర్షను మాకు, పైది అద్దెకి. స్లాబులు అయిపోయాయి గోడలు లేచాయి, ఎలక్ట్రీషియను గాడి కొట్టి పైపులు పెడుతున్నాడు, వచ్చే వారం నుంచి ప్లాస్టరింగ్. ఇప్పుడు ఆయనొచ్చి "హాల్లో స్పీకర్లకి ఏమన్నా పాయింట్లు కావాలంటే ఇప్పుడే చెప్పండి సార్, ప్లాస్టరింగ్ అయ్యాక గోడ పగలగొట్టమంటే నా వల్ల కాదు" అంటున్నాడు. ఆలోచించుకుని చెప్తా అన్నా గానీ ఆలోచించేకొద్దీ బుర్ర తిరుగుతోంది.

హాలు 20 అడుగుల పొడవు 12 వెడల్పు. టీవీ ఒక చివర, సోఫా ఇంకో చివర. మా బావగారు పాత స్టీరియో యాంప్లిఫయరు, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఇస్తానన్నారు, మంచి కండిషన్లోనే ఉన్నాయి. అవి పెట్టుకుని మెల్లగా 5.1 (చుట్టూ అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫరు) చేసుకోవాలా, లేకపోతే వెనక వైర్‌లెస్ స్పీకర్లతో వచ్చే సౌండ్‌బార్ ఒకటి కొనేసి చేతులు దులుపుకోవాలా? నాన్నగారికి ఫోన్లోంచి భక్తి పాటలు, అవధానాలు వినాలి, పిల్లలకి పీఎస్5 గేములు, మాకు రాత్రి సినిమా. మా ఆవిడ మాత్రం ఒక్కటే మాట, గోడ మీద ఒక్క వైరు వేలాడినా ఊరుకోనంది. షాపులో అడిగితే "ఈ రోజుల్లో వైర్లు ఎవరు లాగిస్తున్నారండీ అంతా వైర్‌లెస్సే" అన్నాడు. నిజమేనా?

తెనాలి_కరెంటుబాబాయ్:

షాపువాడు ఒక మాట దాచాడు. వైర్‌లెస్ స్పీకరు అంటే పాట వైరు ఉండదని, కరెంటు వైరు ఉంటుంది. బ్యాటరీది కాకపోతే సోఫా వెనక పెట్టే ప్రతి స్పీకరుకీ ఒక ప్లగ్ పాయింట్ కావాలి. ఆ పాయింట్ ఇప్పుడు పెట్టించకపోతే రేపు ఎక్స్‌టెన్షన్ బాక్సు కార్పెట్ కింద నుంచి పాక్కుంటూ వెళ్తుంది, మీ ఆవిడగారు అప్పుడు ఏమంటారో నాకు తెలీదు. కాబట్టి మీరు ఏది కొన్నా గోడలో పని మాత్రం ఉంది.

నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా, వైరు సంగతి తర్వాత, ముందు పైపు వేయించండి. ఖాళీ పైపే. ఇల్లు మొత్తం ఖర్చులో పైపు ఖర్చు కంటికి కూడా ఆనదు. టీవీ యూనిట్ దగ్గర నుంచి సోఫా వెనక రెండు మూలలకి రెండు వేరువేరు 25 ఎంఎం పైపులు. ఫ్లోరింగ్ ఇంకా వేయలేదు కదా, గోడ పొడుగునా కొట్టుకుంటూ పోవక్కర్లేదు, టైల్స్ కింద బెడ్డులో పడుకోబెట్టేయొచ్చు. మలుపు దగ్గర ఎల్బో పెట్టనివ్వకండి, పొడవాటి బెండు పెట్టమనండి, ఎల్బో ఉంటే వైరు అక్కడ ఆగిపోద్ది ఇక రాదు. ఒక పైపుకి రెండు బెండ్లు దాటితే మధ్యలో జంక్షన్ బాక్సు ఇప్పించండి.

టీవీకీ కింద యూనిట్‌కీ మధ్య మాత్రం 25 చాలదు, హెచ్‌డీఎంఐ కేబులు మూతే 20 ఎంఎం దాకా ఉంటది, వంపులో తిరగదు. అక్కడ 40 ఎంఎం పైపు వేయండి, నిలువుగా తిన్నగా.

ఇంకోటి, స్పీకరు వైరు కరెంటు పైపులో తొయ్యనివ్వకండి. మా వాళ్ళు పని తగ్గుద్దని "ఏం కాదు సార్" అంటారు. 230 వోల్టులతో పాటు ఒకే పైపులో పోనివ్వడం భద్రత పరంగానే తప్పు, పైగా సబ్‌వూఫరుకి పోయే సన్న లైను లాంటివి అయితే గుయ్‌మని హమ్మింగ్ పట్టుకుంటుంది. పక్కపక్కన నడవాల్సి వస్తే అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి.

అద్దెకొంప:

నేను దీనికి ఎదురు చెప్తా 🙂 కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఓనరు మేకు కొట్టనివ్వడు, పైపుల మాట ఎత్తితే ఖాళీ చేయమంటాడు. నేను రెండు వైఫై స్పీకర్లు జత చేసుకుని వాడుతున్నా, చాలా హాయిగా ఉంది, ఇల్లు మారితే ప్లగ్ పీకి డబ్బాలో పెట్టుకుని పోవడమే.

గోదారిగట్టు గారూ మీ నాన్నగారి కోసం ఒకటి చెప్తా, ఇది ఎవరూ చెప్పరు. బ్లూటూత్ వేరు వైఫై వేరు. రెండూ "వైర్‌లెస్" అనే అమ్ముతారు. బ్లూటూత్‌లో పాట ఫోన్లోంచి స్పీకరుకి పోతుంది, ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే తెగుతుంది, ఎవరైనా ఫోన్ చేస్తే సుప్రభాతం ఆగిపోయి రింగ్‌టోను ఇల్లంతా మోగుతుంది, పెద్దవాళ్ళు కంగారు పడతారు. వైఫై అయితే చాలా యాప్‌లలో ఫోను రిమోటు లాంటిదే, పాట స్పీకరే నెట్‌లోంచి లాక్కుంటుంది, ఫోన్ ఎక్కడికి తీసుకెళ్ళినా పాట నడుస్తూనే ఉంటుంది. అలాంటి దానికి గూగుల్ కాస్ట్ (పాత పేరు క్రోమ్‌కాస్ట్), స్పాటిఫై కనెక్ట్ ఇలాంటివి ఉన్నాయో లేదో డబ్బా మీద చూసుకోండి.

తలనొప్పి ఒకటే, కరెంటు. పోయి వచ్చాక రౌటరు లేవాలి, స్పీకరు దాన్ని వెతుక్కోవాలి, అప్పటిదాకా మూగనోము. రౌటరుని ఇన్వర్టరు లైనులో పెట్టాక మా ఇంట్లో ఆ గోల చాలావరకు తగ్గింది. అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు చేపల మార్కెట్టే, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్ళు 1, 6, 11 మూడే, అందరి రౌటర్లూ వాటిలోనే. స్పీకరుని 5 గిగాహెర్ట్జ్ మీద పెడితే తెరిపి. మీది సొంతిల్లు కాబట్టి అంత ఉండదులెండి.

గోదారిగట్టు:

బాబాయ్ గారూ, కరెంటు పాయింట్ సంగతి నాకు నిజంగా తట్టలేదు, ధన్యవాదాలు. అద్దెకొంప గారూ మీది కూడా బాగుంది, నాన్నగారికి అచ్చంగా అదే కావాలి. ఇంకో అనుమానం, వైర్‌లెస్‌లో సౌండు క్వాలిటీ పడిపోతుందంటారు కదా, మా చెవులకి తెలుస్తుందా? బావగారైతే బ్లూటూత్ పేరెత్తితేనే మొహం చిట్లిస్తారు.

బిట్‌రేటు:

మీ బావగారు చెప్పేది కాగితం మీద కరెక్టే. సీడీలో పాట సెకనుకి 1411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకీ తప్పనిసరి అయిన ఎస్‌బీసీ కోడెక్ (పాటని కుదించి పంపే పద్ధతి) బాగా నడిచినప్పుడు 328 దగ్గర ఉంటుంది, సోనీ వాళ్ళ ఎల్‌డాక్ 990 దాకా పోతుంది, సిగ్నల్ బాలేకపోతే 660కి, 330కి దిగుతుంది. ఐఫోన్లో ఎల్‌డాక్ లేదు, ఎస్‌బీసీ కాక ఏఏసీ అనే ఇంకో కోడెక్ మాత్రమే. కానీ మనం వినేది ఏంటి? యూట్యూబ్‌లో ఎవరో పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన కీర్తన. అది వచ్చేటప్పుడే నలిగిపోయి వస్తుంది, దాన్ని బంగారపు వైరులో పంపినా బాగుపడదు. నాన్నగారి పాటలకి బ్లూటూత్ కూడా చాలు, వైఫై అయితే ఇంకా నయం, అందులో కుదించకుండానే పంపొచ్చు.

వైర్‌లెస్‌లో నన్ను నిజంగా విసిగించేది క్వాలిటీ కాదు, ఆలస్యం. ఎస్‌బీసీ బ్లూటూత్‌లో మామూలుగా 150, 200 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి 150 మిల్లీసెకన్లు అంటే 50 మీటర్ల అవతల చెరువు గట్టున ఎవరో బట్టలు ఉతుకుతుంటే చూసినట్టు, బట్ట బండకి తగలడం ముందు కనబడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. బ్రాడ్‌కాస్టింగ్ వాళ్ళకి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) సిఫార్సు ఒకటి ఉంది, అందులో లెక్క ప్రకారం సౌండు బొమ్మ కంటే 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి పట్టేస్తాడు, ముందుకొస్తే 45కే పట్టేస్తాడు. ఓటీటీ యాప్‌లు చాలావరకు బొమ్మని కూడా ఆపి సర్దేస్తాయి కాబట్టి సినిమాలో తెలీదు. సెట్‌టాప్ బాక్సులో న్యూస్ పెట్టండి, యాంకరు నోరు ఒక దారి మాట ఒక దారి.

గేములో అయితే సర్దడం కుదరనే కుదరదు, బటన్ నొక్కినప్పుడే తుపాకీ పేలాలి కదా. అసలు పీఎస్5కి బ్లూటూత్ స్పీకరు నేరుగా కనెక్టే అవదు, సోనీ ఆ సదుపాయం ఇవ్వలేదు. కాబట్టి టీవీకీ సౌండ్‌బార్‌కీ, టీవీకీ యాంప్‌కీ మధ్య మాత్రం వైరే. టీవీ వెనక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండుని బయటికి పంపేది) అని రాసి ఉన్న పోర్టు ఏదో చూసి అందులోనే పెట్టాలి, పక్కదాంట్లో పెట్టి సౌండు రావట్లేదనే వాళ్ళు చాలామంది. టీవీ రిమోటుతోనే వాల్యూం కూడా తగ్గుతుంది, పెద్దవాళ్ళకి రెండో రిమోటు గొడవ ఉండదు. పాత స్టీరియో యాంప్‌కి హెచ్‌డీఎంఐ ఉండదు కాబట్టి దానికి టీవీ ఆప్టికల్ పోర్టులోంచి వచ్చే డిజిటల్ సౌండుని ఆర్‌సీఏకి (యాంప్ వెనక ఎరుపు తెలుపు పిన్నులు) మార్చే చిన్న డ్యాక్ డబ్బా ఒకటి కొనుక్కోవాలి, అప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో ఆడియోని పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండు) అని మార్చాలి, లేకపోతే డాల్బీ సిగ్నల్ ఆ డబ్బాకి అర్థం కాక నిశ్శబ్దమో బరబరమని చప్పుడో వస్తుంది.

సౌండ్‌బార్‌తో వచ్చే వెనక స్పీకర్లది బ్లూటూత్ కాదు, కంపెనీవాళ్ళ సొంత రేడియో లింకు, ముందు వెనక కలిసే మోగేలా వాళ్ళే సరిచేసి ఇస్తారు. దాన్ని బ్లూటూత్‌తో కలిపి తిట్టకూడదు.

కోఠి_గల్లీ:

అన్నా, వైరు కొనేటప్పుడు జర పైలం. నేను కోఠి గుజరాతీ గల్లీల మస్తు తిరుగుత, అక్కడ స్పీకర్ వైరు మీటర్ల లెక్క కోసి ఇస్తరు, చూస్తే అన్ని ఒక్క తీరుగనే మెరుస్తయ్. కొన్ని ఉత్త రాగి కాదన్నా, లోపల అల్యూమినియం మీద రాగి పూత. కొసకు ప్లాస్టిక్ ఒలిచి ఒక్క పోగు తీస్కొని బ్లేడుతోని గీకు, లోపల తెల్లగ కనిపిస్తే అదే. చేతుల పట్టుకుంటె కూడ తేలిగ్గ ఉంటది, రెండు మూడు సార్లు అటిటు వంచితె పుటుక్కుమంటది. ఊర్కె బయట వాడుకుంటె ఏమో గానీ గోడల పెట్టి సిమెంట్ మూసేదానికైతె అస్సలు వద్దు.

మల్ల ఆక్సిజన్ లేని రాగి, వెండి పూత అని మీటరుకు వేలు జెప్పేటోళ్ళు ఉంటరు, వాళ్ళ దుకాణం దిక్కు కూడ చూడకు.

బిట్‌రేటు:

కోఠి అన్న మాటకి లెక్క కలుపుతా. 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి వైరుకి కిలోమీటరుకి 13 ఓమ్‌ల చిల్లర రెసిస్టెన్స్. యాంప్ నుంచి స్పీకరుకి 10 మీటర్లు అనుకుంటే పోను రాను 20 మీటర్లు, మొత్తం 0.27 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరుకి అది మూడు శాతం పైన కొంచెం, చెవికి తెలీదు. 15 మీటర్లు దాటినా, మీ స్పీకర్లు 4 ఓమ్‌లవైనా 2.5 వైరుకి వెళ్ళండి. అంతకంటే ఆలోచించాల్సింది లేదు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి మాత్రం రెండు స్పీకర్లకీ ఒకేలా బిగించాలి, ఒకదాంట్లో తిరగబడితే బేస్ మాయమైపోతుంది, పాట పాడేవాడు ఎక్కడున్నాడో తెలీకుండా గాల్లో తేలుతుంటాడు. చాలామంది స్పీకరు పోయిందనుకుని షాపుకి మోసుకెళ్తారు.

డాలస్_రామన్న:

నేను టెక్సాస్‌లో ఉంటా. మీరు యూట్యూబ్‌లో ఇక్కడి వీడియోలు చూసి "తర్వాత లాగించుకుందాంలే" అనుకోకండి దయచేసి. ఇక్కడ గోడ అంటే చెక్క ఫ్రేము మీద జిప్సం బోర్డు, లోపల బోలు. అరచేయంత కన్నం కోసి పై నుంచి వైరు జారవిడిచి కింద పట్టుకోవడమే, సాయంత్రంలోపు అయిపోతుంది. ఇటుక గోడకి సిమెంటు ప్లాస్టరు చేశాక ఆ పప్పులు ఉడకవు, గుంటూరులో మా నాన్న వాళ్ళింట్లో ఒక్క పాయింట్ జరపడానికి దుమ్ము ఇల్లంతా లేచి, పెయింటు గోడ మొత్తానికి మళ్ళీ వేయించాల్సి వచ్చింది.

ఇంకో సంగతి వయసు. స్పీకరు, రాగి వైరు ముప్పై ఏళ్ళైనా పనిచేస్తాయి, మీ బావగారి సెట్టే సాక్ష్యం. వైఫై స్పీకరు లోపల ఉండేది చిన్న కంప్యూటరు, కంపెనీ దయ ఉన్నన్నాళ్ళే. గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో అని పాత యాంప్‌లకి తగిలించుకునే బిళ్ళ ఒకటి ఉండేది, 2019లో తయారీ ఆపేశారు, 2025 మార్చిలో లోపలి సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఇళ్ళల్లో ఉన్నవి ఒక్కసారిగా మొరాయించాయి, కొన్ని రోజులకి గూగుల్ సరిచేసింది. వైఫై స్పీకర్లు చేసే సోనోస్ వాళ్ళు 2024 మేలో యాప్ మార్చి అలారాలు, స్లీప్ టైమరు లాంటి మామూలు సదుపాయాలే పోగొట్టుకున్నారు, జనం తిట్టిన తిట్లకి 2025 జనవరిలో సీఈఓ కుర్చీ దిగాడు. స్పీకరులో లోపమేం లేదు, యాప్ మాత్రమే. అందుకే నేను తెలివిని, శబ్దాన్ని విడిగా పెట్టుకుంటా. యాంపూ స్పీకర్లూ వైరుతో, దానికి ముందు నెట్‌లోంచి పాట లాక్కుని యాంప్‌కిచ్చే ఒక చిన్న వైఫై స్ట్రీమరు డబ్బా. పాడైతే ఆ డబ్బా ఒక్కటీ మారుస్తా.

అద్దెకొంప:

రామన్న గారు చెప్పింది ఒప్పుకుంటా గానీ అందరికీ ముప్పై ఏళ్ళ స్పీకరు అక్కర్లేదండీ, నా ఫోనే మూడేళ్ళకి మారుస్తా. వంటింట్లోకి ఒక స్పీకరు కావాలంటే అక్కడికి కూడా యాంప్ నుంచి వైరు లాగిస్తారా? అక్కడ చిన్న వైఫై స్పీకరే నయం. అయితే మైక్రోవేవ్ పక్కన బ్లూటూత్‌ది పెట్టకండి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి, పాప్‌కార్న్ వేగినంతసేపూ పాట తెగుతుంటుంది.

గోదారిగట్టు:

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పైపులు ఖాయం, వెనక రెండు మూలలా 5 ఆంప్స్ ప్లగ్ పాయింట్లు కూడా పెట్టిస్తున్నా, అంటే రేపు వైరుదైనా వైర్‌లెస్‌దైనా ఇబ్బంది లేదు. సౌండ్‌బార్ ఇప్పుడే కొనట్లేదు. బావగారి సెట్టు తెచ్చుకుని ముందు దాంతో నడిపిస్తాం, దానికి రామన్న గారు చెప్పిన స్ట్రీమరు డబ్బా తగిలిస్తే నాన్నగారి పని కూడా దాంట్లోనే అయిపోతుంది కదా? వంటింట్లోకి వైఫైది చిన్నది.

రెండు మిగిలాయి. సబ్‌వూఫరు ఎప్పుడైనా కొంటే దానికీ పైపు వేయాలా? వెనక బాక్సులు ఎంత ఎత్తులో పెట్టమనాలి? ఎలక్ట్రీషియను స్విచ్‌బోర్డు ఎత్తులోనే అన్నీ పెట్టేస్తానంటున్నాడు.

డాలస్_రామన్న:

అవునండీ, స్ట్రీమరుతో నాన్నగారి పని అయిపోతుంది. యాంప్ ఆన్ చేసి ఇన్‌పుట్ దాని మీద పెట్టి ఉంచాలి, అంతే. పెద్దాయనకి ఆ నాబ్ తిప్పడం కష్టమైతే నాబ్ మీద చిన్న స్టిక్కరు అతికించండి.

బిట్‌రేటు:

సబ్‌కి వైర్‌లెస్ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి సరిగ్గా పట్టలేదు కాబట్టి సబ్ ఏ మూల ఉన్నా నడుస్తుంది, దానికి ఎలాగూ సొంత కరెంటు పాయింటు కావాలి. సబ్‌కి, యాంప్‌కి వేరువేరు బోర్డుల నుంచి కరెంటు ఇచ్చి మధ్యలో పొడుగు ఆర్‌సీఏ వైరు లాగితే ఎర్తింగ్ తేడాతో ఒక్కోసారి హమ్ వస్తుంది, వైర్‌లెస్‌లో ఆ బెడద ఉండదు. టీవీ పక్కనే పెట్టుకునేట్టయితే మూడు మీటర్ల వైరు చాలు, పైపు అక్కర్లేదు.

ఎత్తు సంగతి, స్విచ్‌బోర్డు ఎత్తు వద్దు. సోఫాలో కూర్చుంటే చెవి మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది, వెనక స్పీకర్లు అంతకంటే కాస్త పైన, నాలుగున్నర అయిదు అడుగుల మధ్య పెట్టమనండి. మీ తలకి సరిగ్గా వెనక కాదు, పక్కల నుంచి కొంచెం వెనక్కి. 5.1కి టీవీ వైపు సున్నా అనుకుంటే 110 నుంచి 120 డిగ్రీలు అని డాల్బీ వాళ్ళు చెప్తారు. అంటే సోఫాని గోడకి పూర్తిగా ఆనించేస్తే ఆ కోణం రాదు, రెండు మూడు అడుగులు ముందుకి జరపాలి. జరిపే వీలుందా లేదా అన్నది బాక్సులు పెట్టకముందే తేల్చుకోండి.

తెనాలి_కరెంటుబాబాయ్:

ప్లాస్టరింగ్ వాళ్ళు దిగేముందు ఈ మూడూ మర్చిపోకండి. ఒకటి, ప్రతి పైపులో జీఐ తీగో నైలాన్ తాడో వేసి రెండు కొసలూ బాక్సుకి కట్టించండి, రేపు వైరు లాగేది దాంతోనే. రెండు, బాక్సుల నిండా సిమెంటు సంచి ముక్కలు గట్టిగా కుక్కండి, లేకపోతే మాలు లోపలికి పోయి పైపు నోరు మూసుకుపోద్ది, తర్వాత ఉలితో కొట్టుకుంటూ కూర్చోవాలి. మూడు, గోడకీ నేలకీ టేపు పెట్టి కొలత కనబడేలా ఫోటోలు తీయండి, టైల్స్ వేసేవాడు డ్రిల్ పెట్టేముందు ఆ ఫోటో చూపించండి.

సోఫా ముందుకి జరుగుతుందంటే ప్లగ్ పాయింట్ బాక్సు మాత్రం అడుగు ఎత్తులో కిందే పెట్టించండి, స్పీకరు లైను బాక్సు పైన. రెండూ ఒకే బాక్సులో పెట్టేస్తానంటాడు, ఒప్పుకోకండి.

గోదారిగట్టు:

సోఫా రెండడుగులు జరపడానికి ఇంట్లో పర్మిషన్ వచ్చిందండి, వెనక మొక్కలు పెట్టుకుంటారట. రేపు పొద్దున్న ఎలక్ట్రీషియనుకి ఇదంతా చదివి వినిపిస్తా. 40 ఎంఎం పైపు రాజమండ్రిలో కరెంటు షాపుల్లో దొరుకుతుందా, ప్లంబింగ్ పైపు వాడేయొచ్చా?

తెనాలి_కరెంటుబాబాయ్:

టీవీ దగ్గర లో-వోల్టేజీ కేబుళ్ళకే కదా, అడుగున్నర మూడడుగుల ముక్క, ప్లంబింగ్ పీవీసీ అయినా పర్లేదు. కోసిన అంచు మాత్రం ఆకురాయితో నున్నగా రుద్దించండి, కేబుల్ చర్మం చీరుకుపోద్ది.